ఆరంగుళాల నీడ

నవంబర్ 18, సోమవారం

ఈ పుస్తకంలో ముందు సగమంతా జాకెట్ల కొలతలే. వెనక సగం ఖాళీగా ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎవరితోనైనా అంటే గొడవ. అనకపోతే నా కడుపు మండిపోతోంది.

బావ పొద్దున్నే ఇటుకల ట్రాక్టర్ దింపించాడు. పక్కిల్లే, గోడకు గోడ. వాళ్ల స్లాబ్ మీద, సరిగ్గా మా వైపు, గది కడతాడట. ఉన్న మూడు గదుల్లో తిరిగేది అతనూ రేఖక్కా ఇద్దరే. "ఎవరికి బావా గది?" అని కింద నుంచే అడిగాను. "కిరాయికి. డిపోల పనిచేసెటోళ్లు అడుగుతుండ్రు" అన్నాడు, నా మొహం చూడకుండా.

వాళ్ల ఇల్లు మాకు దక్షిణం. మా స్లాబ్ మీద సోలార్ ప్లేట్లు నాలుగూ దక్షిణానికే వాలి ఉన్నాయి. వాటి కింద గదిలో మా ఆయన ముక్కుకు గొట్టం పెట్టుకుని, ఆక్సిజన్ మిషన్ పక్కన పడుకుని ఉన్నారు. ఇరవై రెండేళ్లు రైస్ మిల్లులో ఊక దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. గోడ లేస్తే ఎండ ఎటు పోతుందో ఆలోచించే తెలివి సొంత అన్నకు లేకపోయింది.

నాట్ల కాలం వస్తోంది. బోరు మోటార్లన్నీ మొదలైతే మా లైను మీద ఓల్టేజీ పడిపోతుంది, మిషన్ కీచుమని ఆగుతుంది. పోయిన యాసంగిలో రెండుసార్లు ఆగింది. అందుకే కదా ప్లేట్లు పెట్టించింది. నా కుట్టు మిషన్‌కున్న మోటారు కూడా తీసేసి కాలితోనే తొక్కుతున్నాను, ఆ కాస్త కరెంటూ ఆయనకు మిగులుతుందని.

నవంబర్ 20

ఏడు వరుసలు లేచాయి. మేస్త్రీ చేయి మంచి వేగం. వాడి చేతికి ఒక పుండన్నా లేవదు.

నవంబర్ 23, శనివారం

నరేష్‌ను పిలిపించాను. ప్లేట్లు బిగించింది అతనే. బీర్కూర్ నుంచి బండి మీద వచ్చాడు. గోడ నా భుజాలు దాటింది. పొద్దున పది గంటలకు దాని నీడ ప్లేట్ల అడుగున పడింది. టేపు పెట్టి కొలిచాను, సరిగ్గా ఆరంగుళాలు. ప్లేటు పొడవు డెబ్బై ఎనిమిది. ఆరు పోతే ఏం పోతుంది, లంగా అంచు మడిచేంత అనుకున్నాను. కానీ రెండు రోజులుగా బ్యాటరీ సగం కూడా ఎక్కడం లేదు.

నరేష్ మీటరు పెట్టి చూసి నెత్తి గోక్కున్నాడు.

"అక్కా, ఆరంగుళాలే కదా అని సూడకు. గీ బిళ్లలన్ని ఒక్క దారానికి గుచ్చిన పూసల తీరు ఉంటయి. అడుగు వరుస మీద నీడ పడ్డదంటే మీద బిళ్లలల్ల పుట్టిన కరెంటు గూడ ఆడనే ఆగుతది."

"మీదంత ఎండనే ఉన్నది కదా?"

"ఉంటె ఏంది? నీళ్ల పైపును ఒక్కతాన కాలు వెట్టి తొక్కితె, మోటర్ ఎంత నడిస్తె ఏం లాభం? నాలుగు ప్లేట్లకు అడుగునే పడుతుంది నీడ. నాలుగు బందైనట్టే."

"పగటీలి జెర వెనుకకు పోతుంది. నేను చూసిన."

"పన్నెండింటికి పోతది, మల్ల వస్తది. సూర్యుడు ఇంక దక్షిణానికి వాలుతుండు అక్కా. ఇంకో నెల దాక ఈ నీడ పెరుగుడే. నేను ఎండకాలంల వచ్చి చూసినప్పుడు గీ గోడనే లేకుండె."

జరపడానికి చోటు లేదు. మాకు స్లాబ్ ఉన్నది ముందు గది మీదే, వెనకంతా పెంకులు. నరేష్ పైకి చూసి, "గా గది మీద స్లాబ్ పడ్డంక ప్లేట్లు దాని మీదికి ఎక్కిస్త. ఫస్టుగుంటది" అన్నాడు. వాళ్ల నెత్తి మీద నా ప్లేట్లా? చాయ్ తాగి పొమ్మన్నాను.

నవంబర్ 24, ఆదివారం

పొద్దంతా స్లాబ్ మీదే ఉన్నాను. గంటగంటకూ నీడ అంచున ఒక గీత, గుడ్డ మీద గీసే చాక్‌తోనే. పన్నెండు గంటల గీతకు, మూడు గంటల గీతకు మధ్య పధ్నాలుగు అంగుళాలు తేడా. రేపెప్పుడైనా పండరి మామకు చూపించడానికి పనికొస్తుంది. ఆయన మా కులంలో పెద్దమనిషి, కొలిచి చూపిస్తే కాదనడు.

కిందికొచ్చి ఆయనకు చెప్పాను.

"ఉండనియ్యి వందనా" అన్నారు. ఊపిరి తీసుకుని, "కట్టుకోనియ్యి."

"మీ అన్న మీద ఈగ గూడ వాలనియ్యవు నువ్వు!"

నవ్వారు. నవ్వు దగ్గయింది. దగ్గు నాలుగు నిమిషాలు ఆగలేదు. వేలికి పెట్టే మిషన్‌లో తొంభై చూపించింది. తొంభై బాగానే ఉన్నట్టు.

నవంబర్ 27

బీరువా అద్దం విప్పి పైకి మోశాను. నీళ్ల ట్యాంకుకు తాళ్లతో కట్టి, వెలుతురు ప్లేట్ల అడుగున పడేటట్టు తిప్పాను. పడింది. నీడ మీద బెత్తెడు తెల్లటి ఎండ! పది నిమిషాలకు జరిగిపోయింది. మళ్లీ తిప్పాను. అలా పన్నెండు దాకా. వీధిలో వాళ్లు తలలెత్తి చూస్తున్నారు, చూడనీ.

మధ్యాహ్నం గాలికి తాడు తెగింది. అద్దం పగిలితే మంచిది కాదంటారు. గాలికి పగిలింది, నేను పగలగొట్టలేదు.

నవంబర్ 29, శుక్రవారం

నిజామాబాద్ దవాఖానకు పోయి వచ్చాం. బావే కారు మాట్లాడాడు. వద్దనలేక ఎక్కాను. దారంతా ఆయన తల బావ భుజం మీదే ఉంది. డాక్టర్ నన్ను బయటకు పిలిచి ఏదో అన్నాడు. రాయను.

నవంబర్ 30

రాయనన్నాను కదా.

డిసెంబర్ 1, ఆదివారం

పండరి మామను, ఇంకో ఇద్దరిని పిలిపించాను. మెట్ల మీదుగా పైకి తీసుకుపోయి గీతలు చూపించాను. ఆరంగుళాల నీడకు నాలుగు ప్లేట్లూ ఎలా బందవుతాయో నరేష్ చెప్పినట్టే చెప్పాను. పండరి మామకు పైపు మాట వెంటనే అర్థమైంది, రైతు కదా.

కిందికొచ్చాక అందరి ముందూ అనేశాను. "నీ తమ్ముని ఊపిరి మీద గోడ కడుతున్నవ్ బావా. కిరాయి పైసలకు ఆశపడి."

రేఖక్క ఏదో అనబోయింది. బావ ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. తప్పు చేసినవాళ్లు ఇంకేం మాట్లాడతారు?

"శివరాం, గది వచ్చే ఏడాది కట్టుకుంటె ఏమైతది? గోడ దించు" అన్నాడు పండరి మామ.

"సరె మామ."

అంతే. సాయంత్రం మేస్త్రీ రాకపోతే తనే సుత్తి పట్టుకుని ఎక్కాడు. ఒక్కో ఇటుకా ఊడదీసి, సిమెంటు గీకి, పక్కన పేర్చాడు. నేను కింద నిలబడి చూశాను. నవ్వొచ్చింది. ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తున్నాను, నవ్వొచ్చింది.

డిసెంబర్ 3

గోడ మోకాలెత్తే ఉంది. పొద్దుటి నుంచీ ప్లేట్ల మీద నిండా ఎండ. మధ్యాహ్నం రెండింటికల్లా బ్యాటరీ నిండింది. గెలిచాను.

డిసెంబర్ 5

ఎనభై ఎనిమిది. చలి ఎక్కువైంది. చలికి వేళ్లు చల్లబడితే ఆ మిషన్ తక్కువ చూపిస్తుందట.

డిసెంబర్ 6

వేళ్లు వేడి నీళ్లలో పెట్టించి మళ్లీ చూశాను. ఎనభై ఏడు. ఫిల్టర్ కడిగాను. కొత్త గొట్టం మార్చాను.

డిసెంబర్ 8, ఆదివారం

ఆక్సిజన్ మూడు లీటర్లు చాలడం లేదు. నాలుగుకు తిప్పాను. ఎనభై ఐదు.

బ్యాటరీ నిండుగా ఉంది. ఓల్టేజీ నిండుగా ఉంది. వారంగా మిషన్ ఒక్కసారి కూడా కీచుమనలేదు. ఎండ అంతా ఉంది. స్లాబ్ మీద పిట్ట నీడ కూడా లేదు. నరేష్‌కు ఫోన్ చేసి, వైరు ఎక్కడైనా లూజుందేమో వచ్చి చూడమన్నాను. "అన్నీ మంచిగనే చూపిస్తుంది కదక్కా" అన్నాడు. వచ్చి చూడమన్నాను.

డిసెంబర్ 10, మంగళవారం

మధ్యాహ్నం జొన్న గట్క మజ్జిగలో కలిపి తినిపిస్తున్నాను. రెండు చెంచాలు తిని చేయి అడ్డం పెట్టారు.

"గోడ ఎందుకు పడగొట్టించినవ్?"

"నీ కోసమే కదా. ఇంకెవరి కోసం?"

"గా గది నీదే వందనా."

నాకు అర్థం కాలేదు. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పారు. అదంతా రాయడానికి ఇంత చోటు అక్కర్లేదు. మిల్లు వాళ్లిచ్చిన డబ్బు అన్న చేతిలో పెట్టారు. మా ఇంటికి పిల్లర్లు లేవు, మీద గది ఆగదు. వాళ్ల ఇంటికి ఆగుతుంది. గదికి మా వైపు నుంచే మెట్లు. కాగితం నా పేరు మీద.

"కుట్టుపని మీద ఎన్నేండ్లు బతుకుతవ్? కండ్లు ఇప్పుడే సూదిల దారం ఎక్కిస్తలేవు. కిరాయి వస్తె... ఒకల ముంగట చెయ్యి చాపద్దు."

"ఆ పైసలు హైదరాబాద్ దవాఖానకని దాస్తిమి కదా!"

"ఇగ లాభం లేదని డాక్టర్ నీకు చెప్పింది నాకు గూడ చెప్పిండు. దీపావళికి ముందే."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తె ఒప్పుకుంటుంటివా?"

చేతిలోని గిన్నె విసిరాను. గోడకు తగిలి గట్కంతా చిమ్మింది. ఆయన అటు చూడను కూడా చూడలేదు, నన్నే చూస్తూ ఉన్నారు. తర్వాత గుడ్డ తడిపి గోడ తుడిచాను. తుడుస్తూ ఏడ్చాను. నాకు ఎంత దుఃఖం వచ్చిందో అంత కోపమూ వచ్చింది. నేను ఆయన ఊపిరిని అంగుళాల్లో కొలుస్తూ స్లాబ్ మీద కూర్చుంటే, ఆయన కింద పడుకుని తాను లేని ఇంట్లో నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకుంటున్నారు.

డాక్టర్ అన్నది ఇప్పుడు రాస్తాను. "నెలమ్మా. మహా అయితే రెండు."

డిసెంబర్ 11

రెండు జాకెట్లు కుట్టాను. ఒకదానికి చేతులు తారుమారయ్యాయి.

డిసెంబర్ 12, గురువారం

ఆయన నిద్రపోయాక బావ ఇంటికి పోయాను. రేఖక్క చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చోలేదు.

"గది కట్టు బావా."

"మల్ల నీడ పడుతది వందనా."

"పడనియ్యి."

బావ ముఖం అటు తిప్పుకున్నారు. భుజాలు కదిలాయి. యాభై ఏళ్ల మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. "నా చెయ్యి తీసి వాని నెత్తి మీద పెట్టుకుని ఒట్టేయించుకుండు. వందనకు చెప్తె నేను సచ్చినంత ఒట్టన్నడు. నేనేం చెయ్యాలె?"

"ఆ దినం పండరి మామ ముంగట చెప్పబోతిని" అంది రేఖక్క. "నువ్వు అన్ని మాటలంటుంటె నా పానం ఆగలే. ఈయనేమో గుర్రుమని చూసె."

పైసలకు ఆశపడ్డావన్నాను నలుగురిలో. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. పీట మీద కూర్చుని ఆమెతో పాటు ఈనెలు తీశాను.

వాళ్ల మీటరు వేరే ఫేజు మీద ఉందట, ఓల్టేజీ అంతగా పడదట. దాని నుంచి మా గదిలోకి వైరు లాగి, స్టెబిలైజర్ పెట్టిస్తామన్నారు బావ. స్లాబ్ ఇరవై ఎనిమిదిన వేస్తారు. వేశాక ఇరవై ఒక్క రోజులు తడపాలి. ఆ తర్వాత నరేష్ ప్లేట్లు దాని మీదికి ఎక్కిస్తాడు. జనవరి పద్దెనిమిది. డాక్టర్ చెప్పిన రెండు నెలలకు లోపలే ఉంది.

నేను పడగొట్టించకపోయి ఉంటే స్లాబ్ ఈపాటికి పడేది. ఆ రోజులు నేనే తీసేశాను. ఎవరి మీదా వేయడానికి లేదు.

డిసెంబర్ 18

పొద్దున పదింటికి ప్లేట్ల అడుగున నీడ. టేపు పెట్టలేదు.

కొత్త గోడకు పూటకు రెండుసార్లు నీళ్లు పట్టడం నా పనే చేసుకున్నాను. మేస్త్రీ పడతానన్నా ఒప్పుకోలేదు. పైపు పట్టుకుని ఇటుక ఇటుకా తడుపుతుంటే కింద కిటికీలోంచి ఆయన గొంతు సన్నగా వినిపిస్తుంది.

"తడిసిందా?"

"తడిసింది."

"మూలలు?"

"మూలలు గూడ తడిసినయ్. నువ్వు మాట్లాడకు."

డిసెంబర్ 21, శనివారం

గోడలు పూర్తయ్యాయి. ఇప్పుడు పగలంతా నీడే, నాలుగు ప్లేట్లూ పైదాకా నీడలోనే. చాక్ గీతలు వాన లేకపోయినా చెరిగిపోయాయి, నేను పారబోసే నీళ్లకే. మిషన్ బావ వాళ్ల కరెంటు మీద నడుస్తోంది. ఐదు లీటర్లు.

డిసెంబర్ 28, శనివారం

స్లాబ్ వేశారు. పొద్దున ఏడింటి నుంచి కాంక్రీట్ మిక్సర్ చప్పుడు. ఆయన బయటికి తీసుకుపోమని చేత్తో సైగ చేశారు. బావ, నరేష్ ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి మోశారు. పది మీటర్ల గొట్టం తెప్పించాను కాబట్టి అందింది. దుప్పటి కప్పాను. తలెత్తి చాలాసేపు చూశారు. గంపలు చేతులు మారుతూ పైకి పోతున్నాయి.

"కిటికీ తూర్పుకు పెట్టిండు అన్న" అన్నారు. "పొద్దుగాల ఎండొస్తది. కిరాయికి ఇయ్యకపోతె నువ్వే కుట్టుకో ఆడ గూసుండి."

"సరె."

"కుట్టు మిషన్‌కు మోటర్ పెట్టుకో మల్ల. కాళ్లు గుంజుతయి."

నేను సరేననలేదు. మోటారు మళ్లీ పెట్టుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆయన బతిమాలినట్టు చూశారు. అప్పుడు సరేనన్నాను.

డిసెంబర్ 31

స్లాబ్ మీద మేస్త్రీ సిమెంటుతో చిన్న చిన్న గట్లు పోసి మళ్లు చేశాడు. అవి నిండా నీళ్లు నిలిపి ఉంచాలి. ఆయనకు చెప్తే, "నాట్లేస్తవా ఏంది?" అన్నారు. ఇద్దరం నవ్వాం. దగ్గు రాలేదు. నవ్వు చాలా చిన్నది, దగ్గు రావడానికి సరిపోలేదు.

జనవరి 2

ఎనభై ఒకటి. ఈ మిషన్‌కు ఐదు లీటర్లే ఆఖరట.

జనవరి 5, ఆదివారం

స్లాబ్‌కు తొమ్మిదో రోజు. ఆయనకు మూడో రోజు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు. నేను పైన నీళ్లు పట్టి దిగి వచ్చాను. "తడిసింది" అని గుమ్మంలోంచే చెప్పాను. ఇవాళ అడగనే లేదేమని అనుకుంటూ దగ్గరికి పోయాను. మిషన్ మామూలుగానే బుసబుసమంటోంది. గొట్టం ముక్కుకే ఉంది. గాలి వస్తోంది, తీసుకునేవారు లేరు.

నిన్న నరేష్ వస్తే పక్కకు పిలిచి అడిగాను. "నీడ వల్లనా? గోడ మల్ల కట్టమని నేననకపోతే ఇంక కొన్ని దినాలు ఉండునా?"

"లేదక్కా. ఆ దినమంత ఓల్టేజీ రెండు వందల ముప్పై ఉండె. స్టెబిలైజర్‌ల నేనే చూసిన. కరెంటు తక్కువై కాదు." పోబోయి వెనక్కి తిరిగాడు. "నాకు పని నేర్పింది గదే కదక్కా, ఎండ, నీడ. గింతకన్న నాకు తెల్వది."

ఈ పొద్దున మెట్లెక్కబోతుంటే రేఖక్క చేయి పట్టుకుంది. "ఇయ్యాల నువ్వు బయటికి రావద్దు. నీళ్లు నేను పడుత."

"మళ్లు ఎండుతయి అక్కా."

"నేను పడుతనంటున్న కదా."

విడిపించుకుని ఎక్కాను. ఆమె కూడా వెనకే వచ్చింది, పైపు చుట్ట విప్పి ఇచ్చింది. మళ్లు మూడు ఎండిపోయి ఉన్నాయి. నింపాను. మూలలు కూడా. ఎవరూ అడగలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, కింద కిటికీ మూసి ఉంది. అక్కడే గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. శుక్రవారం ఆయనను ఇంట్లోంచి తీసుకుపోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు. రేఖక్క పైపు నా చేతిలోంచి తీసుకుని మిగతా మడి నింపింది.

కిందికొచ్చాక ఇన్వర్టర్ వైపు కళ్లు పోయాయి. అలవాటు. బ్యాటరీ నిండిందని పచ్చలైటు. ప్లేట్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీడలోనే ఉన్నాయి. ఆ నీడలో వచ్చిన కాసింత కరెంటుతోనే నిండిపోయింది, ఇంట్లో వాడేది ఏదీ లేదు కదా.

ఆయన మంచం తీసిన చోట దీపం పెట్టారు. పదకొండు రోజులు ఆరనివ్వకూడదట. కూర్చుని దానికి నూనె పోశాను. దీనికి కరెంటు అక్కర్లేదు.